ఇండియా గోల్‌కీపర్ కోసం బుధవారం ప్రార్థన

కలకత్తా,
6 మార్చి 1972

అప్పకు, నాన్నకు వందనాలు.

ముందు కబురు చెప్పేసి క్షేమసమాచారాలు తర్వాత రాస్తాను. ఎలాగూ నువ్వు మొదటి నాలుగు లైన్లు వదిలేసి అసలు సంగతి ఎక్కడుందా అని వెతుక్కునే మనిషివి. నన్ను తీసుకున్నారు అప్పా! వచ్చే నెల బ్యాంకాక్‌లో ఆసియా దేశాల కుర్రాళ్ళకి ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఇండియా నుంచి వెళ్ళే జట్టు పేర్లు నిన్న సాయంత్రం గ్రౌండులోనే చదివారు. నా పేరు అందరికన్నా ఆఖర్న వచ్చింది. అది వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. చదివినాయనకి కొరాపుట్ అన్న మాట నోరు తిరగలేదు. ఆ ఊరెక్కడుందని పక్కాయన్ని అడిగాడు, పక్కాయనకీ తెలియదు.

ఈ పోటీల్లో వయసు పట్టింపు ఉంది. జూన్ దాటితే నేను పనికిరాను. కాబట్టి నాకు ఇదే మొదటిది, ఇదే ఆఖరుది. సునాబెడ ఫ్యాక్టరీ గ్రౌండులో మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడ్డ పాట్లన్నీ దీనికోసమే అనిపిస్తోంది. ఆ జెర్సీ వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడితే చాలు, ఇంకేమీ అడగను.

జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లం, నేనూ సోమేశ్వరరావూ. సోముది వాల్తేరు రైల్వే క్వార్టర్లు. మా ఇద్దరికీ ఒకటే గది. మొత్తం క్యాంపులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. కోచ్ గురించి ఏమైనా అనుకోవాలంటే ఆయన ఎదుటే హాయిగా అనుకుంటాం. వాడికి తల్లి ఉంది, తండ్రి లేడు. వాడికి నీ గురించి బోలెడు అబద్ధాలు చెప్పాను, నువ్వు చేపల పులుసు బాగా వండుతావని కూడా చెప్పాను.

ఇక్కడ అన్నంలో తప్ప అన్నిట్లోనూ పంచదార వేస్తారు. ఆరోగ్యంగానే ఉన్నాను. నాన్న దగ్గు ఎలా ఉంది?

నీ తమ్ముడు,
అమృతం


కొరాపుట్,
13 మార్చి 1972

ఒరే అమృతం,

నీ ఉత్తరం నేను వార్డులో ఉండగా వచ్చింది. చదివి నేను అరిచిన అరుపుకి మూడో మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు. పక్షవాతంతో నెలరోజులుగా లేవని మనిషి! డాక్టరుగారు నన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక ఊరుకున్నారు.

ఇంటికొచ్చి నాన్నకి చదివి వినిపించాను. "ఏటీ, ఇండియాకా? ఒరిస్సాకి కాదా? సరిగ్గా సదువమ్మి" అన్నారు. మళ్ళీ చదివాను. "అయితే దేశం గోలు మనోడు కాస్తాడన్నమాట" అని బయట అరుగు మీద కూర్చుని, ముప్ఫై ఏళ్ళు రైలు పట్టాల బిగింపులు చూస్తూ కీమ్యాన్‌గా నడిచిన ఎలీయాజరుగారు, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను చూడనట్టు లోపల గిన్నెలు సర్దుకున్నాను. నా కళ్ళు కూడా చూపించుకునే స్థితిలో లేవులే.

ఒక్క సంగతి మాత్రం బోధపడలేదు. గోల్‌కీపర్లు ఇద్దరన్నావు. సునాబెడలో నువ్వొక్కడివే నిలబడేవాడివని విన్నాను. నేనెప్పుడు చూశాను గనక, మీ గ్రౌండుకి ఆడవాళ్ళని ఎవరు రానిస్తారు! దేశాల మధ్య ఆట కాబట్టి మనిషి అలిసిపోకుండా ఇద్దరిని పెడతారేమో అనుకున్నాను, మా నర్సులకి డ్యూటీలు వేసినట్టు. మొదటి సగం ఒకరు, రెండో సగం ఒకరు. మార్నింగ్ డ్యూటీ నీదా, ఆ వాల్తేరు అబ్బాయిదా? వెంటనే రాయి. నాన్న చర్చిలో సంఘానికి చెప్పాలట.

స్త్రీల సమాజం వాళ్ళకి అప్పుడే చెప్పేశాను. దేవమణి టీచరుగారు నీ పేరు బుధవారం ప్రార్థనలో చేర్చారు. పెళ్ళిళ్ళూ పరీక్షలూ కాన్పులూ అన్నీ వెనక్కి జరిగాయి, ఇప్పుడు నువ్వే మొదటి మనవి.

నాన్న దగ్గు తగ్గింది. పొట్టంగి నుంచి ఎవరో తేనె తెస్తే మిరియాలపొడి కలిపి ఇస్తున్నాను. నా పులుసు సంగతి వాల్తేరు దాకా పాకించినందుకు నీకు వేరే శిక్ష ఉంది.

మీ అప్ప,
దయావతి


కలకత్తా,
21 మార్చి 1972

అప్పా,

నీ డ్యూటీల ఉత్తరం సోముకి చదివి వినిపించాను. వాడు మంచం మీద నుంచి కింద పడి నవ్వాడు. నాది ఈవెనింగ్ డ్యూటీ, వాడిది మార్నింగ్ డ్యూటీ. నాన్నకి అలాగే చెప్పు.

తీరిక లేదు. పొద్దుట పరుగు, మధ్యాహ్నం పాఠం, సాయంత్రం మళ్ళీ ఆట. నిన్న ప్రాక్టీసులో సోము గోల్‌పోస్టుకి తల కొట్టుకున్నాడు. మేమందరం అయిపోయిందనుకున్నాం. లేచి దులుపుకుని "పోస్టుకేటీ అవలేదు గదా" అన్నాడు. వీడికి దెబ్బలు తగలవు. రెండు వారాల్లో క్యాంపులో సగంమందికి విరేచనాలు పట్టుకున్నాయి, వీడికి తేన్పు కూడా రాలేదు.

ఇంతకీ బుధవారం మీరేమని ప్రార్థిస్తున్నారు?

అమృతం


కొరాపుట్,
3 ఏప్రిల్ 1972

అమృతం,

ఇంత చిన్న ఉత్తరం రాయడానికి స్టాంపు ఖర్చు ఎందుకు, కాకితో కబురు చేయాల్సింది.

ఏమని ప్రార్థిస్తున్నామా? నిన్న ఈస్టరు ఆరాధనలో పాస్టరు అయ్యగారు నాన్నని ప్రార్థన చేయమన్నారు. నాన్న ప్రార్థన నీకు తెలుసు కదా, మొదలుపెడితే బెల్లు కొట్టేదాకా ఆగదు. "ప్రభువా, మా ఇండియా గోల్‌కీపర్ని నీ రెక్కల కింద దాచు. ఆడి ఏలికి ఏలు, ఆడి ఎముకకి ఎముక నువ్వే కాపలా కాయి. జొరం రాకూడదు, నొప్పి రాకూడదు, కాలు బెణకకూడదు. ఆడు నిలబడ్డ సోటి నుంచి ఆణ్ణి ఎవుడూ కదపకూడదు" అన్నారు. ఆమేన్ అనడంలో పైకప్పు రేకులు అదిరాయి.

నేను లేచి, గోల్‌కీపర్లు ఇద్దరండీ, రెండో అబ్బాయి కూడా ఒక తల్లి బిడ్డేనండీ, సగం ఆట అతనే కదా కాసేది, అతన్ని కూడా కలపండి అన్నాను. దేవమణి టీచరుగారు అక్కడికక్కడే కలిపారు. కాబట్టి సోమేశ్వరరావుకి చెప్పు, పైసా అడక్కుండా మా కాపుదల అతనికీ ఉంది.

మా వార్డు ఆయా గౌరి కాశీపూర్ కొండల మనిషి, మన దేవుణ్ణి నమ్మదు. అది వాళ్ళ కొండదేవతకి కోడిపుంజును మొక్కుకుంది, ఇండియా గోల్‌కీపర్ ఒంటి మీద గీత పడకూడదని. అయ్యగారికి చెప్పకు. అన్ని వైపుల నుంచీ బందోబస్తు చేశాం, నువ్వు ధైర్యంగా ఆడు.

నువ్వు ఆడడం నేను చూడలేను. అమ్మ ఉన్నా చూసేది కాదు. కానీ మన ఇంట్లోంచి ఒకడు విమానం ఎక్కుతున్నాడంటే, నాకు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా నవ్వొచ్చేస్తోంది. పేషెంట్లు భయపడుతున్నారు.

మీ అప్ప,
దయావతి


బ్యాంకాక్,
17 ఏప్రిల్ 1972

అప్పా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. నాన్నకి ఏం చెప్పాలో నీకే వదిలేస్తున్నాను.

డ్యూటీలు లేవు. నువ్వు వేళాకోళానికి రాశావనుకుని నేనూ వేళాకోళంగా జవాబు రాశాను. నిజంగానే నమ్మావని ఈస్టరు ఉత్తరం చూశాక తెలిసింది. అప్పటికి సంఘమంతా ఆమేన్ అనేసింది, నాకు దిద్దడానికి నోరు రాలేదు. ఆట మొత్తం ఒకడే గోల్‌కీపర్ నిలబడతాడు. వాడు సోము. నేను గీత బయట బెంచీ మీద కూర్చుంటాను. వాడికి దెబ్బ తగిలితేనో, జ్వరం వస్తేనో నేను లోపలికి వెళ్తాను. లేకపోతే లేదు.

ఇప్పుడు అర్థమైందా మీరు చేస్తున్నదేమిటో? కొరాపుట్ సంఘమంతా మోకరించి, గౌరి కోడిపుంజును కూడా కలుపుకుని, నన్ను ఆడనివ్వొద్దని దేవుణ్ణి బతిమాలుతున్నారు. మీ ప్రార్థన భేషుగ్గా పని చేస్తోంది. సోముకి జలుబు కూడా చేయలేదు. నిన్న మొదటి మ్యాచ్ గెలిచాం. నా జెర్సీ మడత కూడా నలగలేదు.

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు. సోము మంచివాడు. నా బట్టలు వాడే ఉతికాడు, నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాడు. కానీ నేను వాడు మెట్లు దిగుతుంటే వాడి మోకాళ్ళ వైపు చూస్తున్నాను. నిన్న వాడు గాల్లోకి ఎగిరి కింద పడిన ప్రతిసారీ నేను బెంచీ మీద సగం లేచాను. పక్కవాళ్ళు స్నేహితుడికోసం కంగారుపడుతున్నానని అనుకున్నారు. కంగారు కాదప్పా, ఆశ. ఇలాంటివాణ్ణి అవుతానని నేను అనుకోలేదు.

ఇంకో తొమ్మిది పది రోజుల్లో అంతా అయిపోతుంది. తర్వాత నాకు వయసు దాటిపోతుంది. దయచేసి మీ బుధవారం ప్రార్థన ఆపించు. నాకోసం ఏమీ అడగొద్దు. ఊరికే ఉండండి.

అమృతం


కొరాపుట్,
21 ఏప్రిల్ 1972

అమృతం,

మొదటి మ్యాచ్ గెలిచారని జయపూరు రేడియోలో ఒక్క ముక్క చెప్పారు. పేర్లు చెప్పలేదు. నాన్న రేడియోని తిట్టారు. ఇప్పుడు ప్రతి సాయంత్రం బస్సెక్కి సునాబెడ వెళ్తున్నారు, ఫ్యాక్టరీ క్లబ్బులో పెద్ద రేడియో ఉందట, దాంట్లో అయితే పేర్లు వస్తాయట! అక్కడ ఇంజనీర్ల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇస్తున్నారు. "రెండో సగం మావోడిదండీ" అని అందరికీ చెబుతున్నారు. నీ పుణ్యాన ఆయన దగ్గు కూడా మర్చిపోయారు.

మీకు మ్యాచ్ ఉన్న రోజల్లా స్త్రీల సమాజం రెండో సగం మొదలయ్యే వేళకి మోకరిద్దామని అనుకున్నాం. అక్కడికీ మనకీ టైము తేడా ఎంతో రాయి, లేకపోతే మేము మోకరించేది పొరపాటున సోమేశ్వరరావు సగంలో పడుతుంది.

మీ అప్ప,
దయావతి


కొరాపుట్,
27 ఏప్రిల్ 1972

అమృతం,

బ్యాంకాక్‌కి రాస్తే అందదని కలకత్తా అడ్రసుకే రాస్తున్నాను. మీరు తిరిగి వచ్చేసరికి ఉంటుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. చదివాక నేను అన్నం తినలేదు. నువ్వు బెంచీ మీద కూర్చున్నందుకు కాదురా. ఇన్నాళ్ళు నీ గొంతు మీద మేమందరం కూర్చున్నందుకు. డ్యూటీల మాట నిజంగానే నమ్మాను. ఇరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న ఉద్యోగం నాది, నాకు లోకమంతా డ్యూటీ చార్టులాగే కనబడుతుంది. వేళాకోళమని నువ్వెలా అనుకున్నావు? నీ అప్ప ఎప్పుడైనా డ్యూటీల మీద వేళాకోళం ఆడిందా!

నాన్న దగ్గర దాచడం నా వల్ల కాలేదు. "అయితే ఇన్నాళ్లూ మనం మనోడికి అడ్డంగా ప్రార్థన సేసేమన్నమాట" అన్నారు. ఆ సాయంత్రం సునాబెడ వెళ్ళలేదు.

నిన్న బుధవారం. ఇంక దాచేదేముందని సమాజంలో కూడా చెప్పేశాను. దేవమణి టీచరుగారు లేచారు.

"పోనీ, ఆ బాబుకి ఏటీ అవ్వొద్దు. సిన్న జొరం. ఒక్క పూట. సాయంత్రానికి దిగిపోవాల. మనోడు ఆడేసేక ఆ బాబు సుకంగా లేసి కూకోవాల. అంతే గదా మనం అడిగేది?"

కొందరు తల ఊపారు. నాకు ఒళ్ళు మండింది. "కొరాపుట్‌లో కూర్చుని చిన్న జ్వరమంటారేంటమ్మా! మలేరియా వార్డుకి నాతో రండి, చిన్న జ్వరమని వచ్చినవాళ్ళ మంచాలు చూపిస్తాను. మా అమ్మ పోయింది చిన్న జ్వరంతోనే" అన్నాను. టీచరుగారు కళ్ళు తుడుచుకుని, "నిజమే అమ్మి, నాకు బుద్ది లేదు" అన్నారు. ఆమె మనసులో చెడు లేదు, నీ మీద ప్రేమ తప్ప.

అప్పుడు నాన్న మోకరించారు. ఆయన్ని చూసి అందరం మోకరించాం. ఆయన నోట మాట రాలేదు. ఎలీయాజరుగారు దేవుడి ముందు మాట్లాడలేకపోవడం నేను పుట్టి ఎరగను. ఎవరి మనసులో వాళ్ళం ఏదో అడిగి, లేచి ఇళ్ళకి వచ్చేశాం.

సోము మోకాళ్ళు చూస్తున్నానని రాశావు. రాయగలిగావు కాబట్టి నువ్వింకా నా తమ్ముడివే. ఆశ పడడం వేరు, తొయ్యడం వేరు. నువ్వు ఎవరినీ తొయ్యలేదు.

మీ అప్ప,
దయావతి


బ్యాంకాక్,
28 ఏప్రిల్ 1972

అప్పా,

మొన్న బుధవారం ఓడిపోయాం. ఇంక ఇంటిదారే. ఇది ఎవరికీ చదివి వినిపించకు.

మొదటి సగం అయిపోవస్తోంది. చెరొక గోలు. పక్క నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. సోము ఎగిరాడు, వాళ్ళ వాడూ ఎగిరాడు. వాడి మోకాలు సోము కణత మీద తగిలింది. ఆ చప్పుడు బెంచీ దాకా వినబడింది. సోము లేవలేదు.

డాక్టరు పరిగెత్తాడు, నేను నీళ్ళ బకెట్టు పట్టుకుని వెనకాల పరిగెత్తాను. కనుబొమ దగ్గర చీరుకుపోయింది, రక్తం. డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు, వేళ్ళు చూపించి ఎన్ని అన్నాడు. సోము సరిగ్గానే చెప్పాడు. లేచి కూర్చుని నవ్వాడు కూడా. నేను గుడ్డ తడిపి వాడి మొహం తుడుస్తున్నాను. అప్పుడు నా చెవిలో తెలుగులో అన్నాడు.

"రెండేసి కనపడతన్నాయిరా. సెప్పకు. కుడికన్ను మూసుకుని ఆడేస్తాను."

డాక్టరు నా మొహం చూసి ఏమన్నాడని అడిగాడు. ఆ గ్రౌండు మొత్తం మీద ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పా, నువ్వు చెప్పిన ఆ లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. తలకి దెబ్బ తగిలి మీ ఆసుపత్రికి నవ్వుతూ వచ్చాడు, ఒకటి రెండుగా కనబడుతోందన్నాడు, తెల్లారేసరికి లేడు. చెప్పాలని నాకు తెలుసు. కానీ చెబితే లోపలికి వెళ్ళేది నేను. నెలరోజులుగా నేను కోరుకున్నది అదే. అది నిజంగా జరిగేసరికి, నేను వాడికోసం చెబుతున్నానా, నా కోసం చెబుతున్నానా అని నాకే తెలియలేదు. నోరు తెరిస్తే దొంగతనం చేసినట్టు ఉంటుందని భయమేసింది. నోరు మూసుకుంటే వాడు ఏమవుతాడో అని ఇంకో భయం.

చెప్పేశాను. డబల్, సర్, హీ ఈజ్ సీయింగ్ డబల్ అన్నాను.

సోము నా వైపు చూశాడు. ఆ చూపు నీకు రాయలేను. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే "నా సోటు కోసం సెప్పేసేవు" అన్నాడు. నేను గ్లవ్స్ తొడుక్కున్నాను. రెండో సగం ఆడాను. ఒకటి రెండుతో ఓడిపోయాం.

సోము ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. మా జట్టువాళ్ళు పైకి ఏమీ అనరు. భోజనాల దగ్గర నేను కూర్చుంటే మాటలు ఆగిపోతున్నాయి.

నేను వాడితోపాటే వస్తాను, వాడు మాట్లాడినా మాట్లాడకపోయినా. ముందు కలకత్తా, అక్కణ్ణించి మెయిలు రైల్లో వాల్తేరు. వాళ్ళమ్మకి అప్పజెప్పాకే ఇంటికొస్తాను. జవాబు కవరు వెనక రాసిన సోము వాళ్ళ వాల్తేరు అడ్రసుకి రాయి. రాయాలనిపిస్తేనే.

అమృతం


కొరాపుట్,
9 మే 1972

నా తండ్రీ అమృతం,

ముందు నర్సు మాట్లాడుతుంది, తర్వాత అప్ప.

తలకి దెబ్బ తగిలి ఒకటి రెండుగా కనబడుతోందన్న మనిషిని పడుకోబెట్టాలి. నిలబెట్టకూడదు, పరిగెత్తించకూడదు. ఇంకో దెబ్బ తగిలితే ఆ పిల్లాడు తల్లికి దక్కేవాడు కాదు. చెప్పినవాడు ఎందుకు చెప్పాడన్నది రోగికి అక్కర్లేదు. మా వార్డులో సగంమంది నర్సులు జీతం కోసమే పని చేస్తారు, వాళ్ళు వేసిన మందు పని చేయడం మానేస్తుందా? నువ్వు చెప్పింది సరైనది. నీ మనసులో ఏముందో అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. మీ జట్టువాళ్ళ మాటలు ఆగిపోతే ఆగిపోనీ.

ఇప్పుడు అప్ప మాట్లాడుతుంది. కూర్చుని చదువు.

ఆ బుధవారం ఎవరి మనసులో వాళ్ళం ఏదో అడిగామని రాశాను కదా. టీచరుగారి మీద అంత ఎగిరిన దాన్ని, అమ్మ పేరు ఎత్తి అందరి నోళ్ళూ మూయించిన దాన్ని, మోకరించి కళ్ళు మూసుకోగానే నేను జ్వరమే అడిగాను. ప్రభువా, ఆ వాల్తేరు పిల్లాడికి ఒక్క పూట వెచ్చబడనీ, నా తమ్ముణ్ణి ఒక్కసారి లోపలికి పోనీ అన్నాను. నేను మోకరించిన రోజే మీ మ్యాచ్ అని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

దేవుడు అలా మోకాళ్ళతో గుద్దించడని నాకు తెలుసు. తెలిసినా మూడు రోజులు నిద్రపోలేదు. కాబట్టి ఆ పాపం నీదొక్కడిదే అన్నట్టు మొత్తం నువ్వే మోయకు. ఈ ఉత్తరం సోముకి ఇవ్వు. నా గురించి అతనేమనుకున్నా పడతాను.

నాన్నకి మొత్తం చెప్పాను. "పిల్లోడు మంచి పని సేసేడు. మరి మొకమెందుకు దించుకుంటాడు?" అన్నారు. మర్నాడు సాయంత్రం మళ్ళీ సునాబెడ వెళ్ళారు. పోటీలు అయిపోయాయి కదా నాన్నా, రేడియోలో ఏమొస్తుంది అంటే, వినడానికి కాదట, చెప్పడానికట.

ఇంకొక్క మాట. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సోము ఎలా పడ్డాడో రాశావు, ఏమన్నాడో రాశావు, ఎలా చూశాడో రాశావు. రెండో సగం ఆడాను అని మూడు మాటలు రాసి వదిలేశావు. నీ జీవితమంతా దానికోసమే కదరా పాకులాడావు. ఎలా ఆడావు? ఎవరూ అడగలేదేమో, నేను అడుగుతున్నాను. సిగ్గుపడకుండా రాయి.

మీ అప్ప,
దయావతి


వాల్తేరు,
18 మే 1972

అప్పా,

నీ ఉత్తరం సోముకి ఇచ్చాను. వాడు కళ్ళు అలిసిపోకుండా ఆగి ఆగి చదివాడు. ఇప్పుడు ఒకటి ఒకటిగానే కనబడుతోంది. ఏడాదిదాకా బంతి తలకి తాకకూడదని ఇక్కడి రైల్వే డాక్టరు చెప్పాడు. ఏడాది తర్వాత వాడికీ వయసు దాటిపోతుంది. ఆ మాట విన్న రోజు వాడు, వాళ్ళమ్మ, నేను ముగ్గురం అన్నాలు తినలేదు.

చదవడం అయ్యాక కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "మీ అప్ప జొరం అడిగితే దేవుడు మోకాలు పంపేడు. ఆసుపత్రి మనుసులు మందు సీటీ కూడా సరిగ్గా రాయరేటి?" అన్నాడు. బ్యాంకాక్ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అదే. నాకు ఏడుపొచ్చింది. తర్వాత, "నీ సోట్లో నేనుంటే ఏటి సేద్దునో నాకు తెల్దు. సెప్పకపోదునేమో. అందుకే నీ మీద అంత కోపమొచ్చింది" అన్నాడు. పూర్తిగా క్షమించాడని అనను. కానీ నిన్న నా బట్టలు కూడా తన బట్టలతో కలిపి నానబెట్టాడు.

నువ్వడిగింది వాడు కూడా చదివాడు కదా. వాడికి ఆ రెండో సగం ఎవరూ చెప్పలేదు. "రాయి. రాసి నాకు వినిపించు. గోలు దగ్గర ఏటయిందో నేనూ తెలుసుకోవాల" అని కాగితాలు తెచ్చి పడేశాడు. ఎదురుగా కూర్చున్నాడు. అందుకని ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మొదటి బంతి పట్టుకోవాల్సింది పిడికిలితో గుద్దేశాను, అదృష్టం కొద్దీ బయటికి పోయింది. రెండోది పట్టాను. మూడోది పట్టాక భయం పోయింది. వాళ్ళు మా కన్నా పొడుగు, మా కన్నా గట్టి. ఆట మొత్తం నా ముందే జరిగింది. ఎడమవైపు మూల నుంచి ఒకడు వంకరగా కొట్టాడు, వేళ్ళ చివర్లతో పైకి నెట్టాను. మా వాడి కాలికే తగిలి దిశ మారిన బంతి ఒకటి లోపలికి పోయింది. దాన్ని సోము ఉన్నా పట్టలేడు. అదే మాకు ఓటమి. ఇది చదివినప్పుడు సోము కాసేపు ఆలోచించి, పట్టలేనని ఒప్పుకున్నాడు.

ఇక ఆఖర్న వాళ్ళ తొమ్మిదో నంబరువాడు అందరినీ దాటుకుని ఒక్కడే వచ్చాడు. నేనొక్కణ్ణే మిగిలాను. ముందుకు పరిగెత్తాను. వాడు కుడివైపు చూసి ఎడమవైపు కొట్టాడు. నేను అప్పటికే ఎడమవైపు గాల్లో ఉన్నాను. ఎలా ఉన్నానో అడక్కు, ఎవరూ చెప్పలేదు, నాకే తెలిసింది. బంతి వచ్చి నా రెండు అరచేతుల్లో ఆగిపోయింది. దాన్ని గుండెకి అదుముకుని బోర్లా పడుకున్నాను. స్టేడియం అంతా అరుస్తోంది, ఎదుటి జట్టు తాలూకువాళ్ళు కూడా అరుస్తున్నారు. నా మొహం గడ్డిలో ఉంది, నేను నవ్వుతున్నాను. సోము ఆసుపత్రిలో ఉన్నాడని తెలుసు, మేము ఓడిపోతున్నామని తెలుసు. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నేను బాగా ఆడాను అప్పా. చాలా బాగా ఆడాను.

నీ తమ్ముడు,
అమృతం